మార్చిలోనూ పగలు పన్నెండు గంటలే, సెప్టెంబరులోనూ పన్నెండే: గొర్రెకు తేడా ఎలా తెలుస్తుంది?

కొండదారి (ఎడిన్‌బరో)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మా వైపు గొర్రెల మందలో ఏ నెలలో చూసినా పాలు తాగే పిల్లలు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు నేనుంటున్న ఎడిన్‌బరో పక్కన పెంట్లాండ్ కొండల మీద మాత్రం ఏప్రిల్‌లో ఒక్కసారిగా పిల్లలే పిల్లలు. మిగతా నెలల్లో ఒక్కటీ పుట్టదు. అక్కడి రైతు ఒకాయన లెక్క చెప్పారు: నవంబరు 5న, ఊరంతా బాణసంచా కాల్చే రాత్రి, పొట్టేళ్లను మందలోకి వదిలితే 147 రోజులకు సరిగ్గా ఏప్రిల్ 1.

పొట్టేలు రొమ్ముకు రంగు సుద్ద బిగించిన పట్టీ కడతారు. అది ఏ గొర్రెను దాటితే ఆ గొర్రె వెనక భాగం మీద రంగు అంటుకుంటుంది. పదహారు, పదిహేడు రోజులకోసారి సుద్ద రంగు మారుస్తారు. ఎరుపు మీద నీలం పడిందంటే ఆ గొర్రె మొదటిసారి చూడి కట్టలేదని, మళ్లీ ఎదకు వచ్చిందని అర్థం. జూన్‌లో వదిలితే ఏమవుతుందని అడిగాను. పొట్టేలు వెంట తిరుగుతుంది గానీ గొర్రె నిలబడదన్నారు.

పగటి పొడవును బట్టి వీటికి ఎద వస్తుందని చదివాను. అక్కడే నా సందేహం. మార్చి 21 ప్రాంతంలో పగలు పన్నెండు గంటలు. సెప్టెంబరు 22 ప్రాంతంలోనూ అంతే. మొదటిది ఎదకాలం ముగిసే సమయం, రెండోది మొదలవబోయే సమయం. ఒకే పగలు, రెండు వ్యతిరేక ఫలితాలు. ఎలా?

శంకాసురుడు

పగలూ లేదు, రాత్రీ లేదు. మేత, చలి. అంతే. వేసవంతా పచ్చిక తిని ఒళ్లు చేస్తే శరత్తులో ఎదకు వస్తాయి. మన దగ్గర వానలు పడి గడ్డి మొలిస్తే రావడం లేదూ?

కడప పశువైద్యుడు

శంకాసురుడు గారూ, మన దగ్గరి సంగతి మీరు చెప్పినదానికి దగ్గరగానే ఉంది. స్కాట్లాండ్ సంగతి వేరు.

పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వెళ్లిన గొర్రెలు భూమధ్యరేఖ దాటాక తమ ఎదకాలాన్ని ఆరు నెలలు జరుపుకొన్నాయి. అక్కడ చలి, మేత కూడా తలకిందులే కదా అంటారేమో. ఆ సందేహం తీర్చింది కేంబ్రిడ్జ్‌లో యేట్స్ చేసి 1949లో ప్రచురించిన ప్రయోగం. గొర్రెలను అదే ఊళ్లో ఉంచి వెలుతురు క్రమాన్ని మాత్రమే తిప్పేశాడు. బయట పగళ్లు పెరుగుతుంటే కొట్టంలో తగ్గించాడు. బయటి చలి, ఎండ మామూలుగానే ఉన్నాయి. గొర్రెలు దీపాల మాట విన్నాయి, వాతావరణం మాట వినలేదు. ఎదకాలం తిరగబడింది.

మన లెక్కలు కూడా చూడండి. హైదరాబాద్‌లో అతి పొడవైన పగలు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది 11 గంటలకు కాస్త పైన. తేడా రెండు గంటల పైచిలుకు. ఎడిన్‌బరోలో జూన్ పగలు పదిహేడున్నర గంటలు, డిసెంబరు పగలు ఏడు. పదిన్నర గంటల తేడా. అంత స్పష్టంగా కాలం తెలుస్తున్నచోట జంతువు దాన్ని వాడుకోకుండా ఎందుకుంటుంది?

ఫస్టియర్ (గుంటూరు)

బీవీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని. వెలుతురు ఉండటానికీ అండాశయానికీ సంబంధం ఎక్కడ కుదురుతుందో ఎవరైనా మొదటి నుంచి చెప్తారా? పాఠంలో "పీనియల్ గ్రంథి మెలటోనిన్ స్రవిస్తుంది" అని ఒక వాక్యంతో సరిపెట్టారు.

చీకటిగది

ముప్ఫై ఏళ్లు శరీరధర్మశాస్త్రం చెప్పినదాన్ని. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

మన మాటల్లో "పగటి పొడవు" అంటున్నాం గానీ క్షీరదం కొలిచేది రాత్రిని. కంటి వెనక పొరలో చూపుకు పనిచేసే కణాలే కాక, మెలనాప్సిన్ అనే వర్ణకంతో వెలుతురు ఉందో లేదో మాత్రం కనిపెట్టే కణాలు కొన్ని ఉన్నాయి. వాటి తీగలు నేరుగా మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని సుప్రాకయాస్మాటిక్ కేంద్రకానికి, అంటే దేహ గడియారానికి వెళ్తాయి. అక్కడి నుంచి దారి విచిత్రమైన చుట్టు తిరుగుతుంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగి, ఛాతీ దగ్గర బయటికి వచ్చి, మెడలోని సానుభూతి నాడీ గ్రంథికి ఎక్కి, మళ్లీ తలలోకి వెళ్లి పీనియల్‌ను చేరుతుంది. చీకటి పడ్డాక ఆ నాడుల కొసల నుంచి నోరడ్రినలిన్ విడుదలవుతుంది, పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. తెల్లవారగానే ఆగిపోతుంది. కనుక రక్తంలో మెలటోనిన్ ఎన్ని గంటలు ఎక్కువగా ఉంటే రాత్రి అంత పొడవు.

మెలటోనిన్‌ను కనుక్కున్నది యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్, 1958లో. ఆయన చర్మవైద్యుడు. కప్ప చర్మం రంగును తేలిక చేసే పదార్థం కోసం పశువుల పీనియల్ గ్రంథులను గుట్టలుగా వడపోసి పట్టుకున్నాడు. సంతానోత్పత్తి ఆయన మనసులోనే లేదు.

సంబంధం తేల్చింది హామ్‌స్టర్లు, ఎలుకలాంటి చిన్న జంతువులు. 1965లో హాఫ్‌మన్, రైటర్ చూపించారు: చీకట్లో ఉంచిన హామ్‌స్టర్లకు వృషణాలు కుంచించుకుపోతాయి, పీనియల్ తీసేసినవాటికి అలా కాదు. 1983లో కార్టర్, గోల్డ్‌మన్ ఇంకో మెట్టు ఎక్కారు. పీనియల్ లేని సైబీరియా హామ్‌స్టర్లకు గొట్టం ద్వారా మెలటోనిన్ ఎక్కిస్తూ, ఎక్కించే గంటలను మార్చారు. తక్కువ గంటలు ఎక్కిస్తే వేసవి దేహం, ఎక్కువ గంటలు ఎక్కిస్తే చలికాలపు దేహం. లెక్కకు వచ్చింది మోతాదు కాదు, ఎంతసేపు అన్నది. మిషిగన్‌లో బిట్‌మన్, కార్ష్ గొర్రెల్లోనూ అదే చూశారు.

శంకాసురుడు

స్కాట్లాండ్‌లో చలికాలమంతా మబ్బు. పగలే చీకటిలా ఉంటుంది. అలాంటప్పుడు గొర్రె పొరబడాలి కదా? మొత్తం వెలుతురు ఎంత అన్నది లెక్కకు రాదా?

చీకటిగది

రాదు. మబ్బు పగలు కూడా వెన్నెల రాత్రి కంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతం, కంటికి ఆ తేడా చాలు. "మొత్తం వెలుతురు" అనే ఊహను పూర్తిగా కొట్టేసిన ప్రయోగం ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. 1972, ఇలియట్, స్టెట్సన్, మెనాకర్. హామ్‌స్టర్లను నాలుగు గుంపులు చేసి అందరికీ ఆరు గంటల వెలుతురే ఇచ్చారు. ఆ తర్వాతి చీకటి మాత్రం ఒక్కో గుంపుకు 18, 30, 42, 54 గంటలు. 18, 42 గుంపుల్లో వృషణాలు కుంచించుకుపోయాయి. 30, 54 గుంపుల్లో పెద్దగానే నిలిచాయి. 30 గంటల చీకటి పొందినవాటికి 18 గంటలవాటి కంటే తక్కువ వెలుతురు దొరికింది, అయినా వాటికి అది వేసవి!

కారణం: 6, 18 కలిపితే 24. 6, 42 కలిపితే 48. ఈ రెండింట్లో దీపం ఎప్పుడూ దేహ గడియారం ప్రకారం పగటి వేళలోనే వెలుగుతుంది. మిగతా రెండింట్లో మొత్తం 36 గంటలు, 60 గంటలు. దీపం ఒకసారి దేహపు పగటి వేళలో, మరుసారి దేహపు రాత్రి వేళలో పడుతుంది. రాత్రి వేళ వెలుతురు తగిలితే దేహం దాన్ని పొడవైన పగలు కింద జమకడుతుంది. ఎర్విన్ బ్యూనింగ్ 1936లో మొక్కల విషయంలో ఊహించింది ఇదే.

నాలుగోడెక్క (కెంటకీ)

ఇది మా గుర్రాల కొట్టంలో రోజూ వాడే సూత్రం. పందెపు గుర్రాలన్నింటికీ ఉత్తరార్ధగోళంలో జనవరి 1 పుట్టినరోజు. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లా మేలో పుట్టిన పిల్లా రెండేళ్ల పందెంలో ఒకే వయసు కింద పరుగెత్తాలి. కాబట్టి అందరికీ ముందే పిల్ల కావాలి. కానీ ఆడగుర్రం పగళ్లు పెరిగేటప్పుడు ఎదకు వస్తుంది, సహజంగా ఏప్రిల్ ప్రాంతంలో గానీ సరిగా కుదురుకోదు.

అందుకని డిసెంబరు మొదటి నుంచి సాయంత్రం దీపాలు వేసి పగలును పదహారు గంటలు చేస్తాం. పన్నెండు అడుగుల చదరపు గదికి నూరు వాట్ల బల్బు. గదిలో ఏ మూల నిలబడ్డా దినపత్రిక చదవగలిగితే చాలన్నది ఇక్కడి పాత కొలత. రెండు నెలల పైన పడుతుంది అండం విడుదల కావడానికి. తెల్లవారుజామున వేసే దీపం అంతగా పనిచేయదు, సాయంత్రం పొడిగించాల్సిందే. ఇంకో కిటుకు కూడా ఉంది: చీకటి పడిన తొమ్మిదిన్నర గంటలకు సరిగ్గా ఒక గంట దీపం వేసినా గుర్రం దాన్ని పెద్ద పగలుగానే తీసుకుంటుంది. పైన హామ్‌స్టర్ సంగతి చదివాక అది ఎందుకో ఇప్పుడు నాకు నలుగురికీ చెప్పగలిగేలా అర్థమైంది. ఈ మధ్య ఒక కంటి మీద మాత్రం నీలి కాంతి వెలిగే ముసుగులు కూడా వచ్చాయి. గుర్రం బయట మేస్తూనే ఉంటుంది.

శంకాసురుడు

ఆగండి. గుర్రానికి పెరిగే పగలు ఎద తెస్తుంది. గొర్రెకు తగ్గే పగలు. ఇద్దరికీ మెలటోనిన్ రాత్రిపూటే కదా పుట్టేది? ఒకే హార్మోను ఒకరిని లేపి మరొకరిని పడుకోబెట్టడం ఏమిటి? ఈసారి నన్ను మేతతో కొట్టేయకండి.

కడప పశువైద్యుడు

ఫలితం వైపు నుంచి చూస్తే సులువు. గొర్రె మోసేది అయిదు నెలలు, గుర్రం పదకొండు నెలలు. రెండింటికీ పిల్ల వసంతంలో, గడ్డి వచ్చే వేళ పుట్టాలి. కాబట్టి ఒకటి శరత్తులో, ఒకటి వసంతంలో జతకట్టాలి. మోసేది పదహారు రోజులే అయిన హామ్‌స్టర్ వసంతం, వేసవి రెండూ వాడుకుంటుంది. యంత్రాంగం సంగతి మేడమ్ చెప్పాలి.

చీకటిగది

మంచి ప్రశ్న, శంకాసురుడు గారూ. చాలాకాలం మెలటోనిన్‌ను "సంతానోత్పత్తి నిరోధక హార్మోను" అని పాఠ్యపుస్తకాల్లో రాశారు. హామ్‌స్టర్‌ను మాత్రమే చూసి రాసిన మాట అది. మెలటోనిన్ దేన్నీ నిరోధించదు, ప్రేరేపించదు. రాత్రి ఎంత అన్న వార్త మోస్తుంది.

ఆ వార్తను చదివేచోటు మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి కాడను చుట్టుకుని ఉండే సన్నని పట్టీ, పార్స్ ట్యూబరాలిస్. మెలటోనిన్ గ్రాహకాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. రాత్రులు కుదించుకుపోతే ఆ కణాల్లో ఈవైఏ3 అనే సహాయక ప్రొటీన్ పెరిగి టీఎస్‌హెచ్ తయారీని లేపుతుంది. థైరాయిడ్‌ను నడిపే హార్మోనుగా మనకు తెలిసిన టీఎస్‌హెచ్చే. ఇక్కడిది మాత్రం మెడ వైపు దిగదు, ఎదురు ప్రయాణం చేసి పైన హైపోథాలమస్‌లోని ట్యానిసైట్ కణాలను తాకుతుంది. అవి డీఐఓ2 అనే ఎంజైమును పెంచి, థైరాయిడ్ హార్మోనులో నిద్రాణంగా ఉన్న టీ4 రూపాన్ని చురుకైన టీ3గా మారుస్తాయి. నగోయా విశ్వవిద్యాలయంలో తకాషి యోషిమురా బృందం జపాన్ కౌజుపిట్టల్లో 2003లో ఎంజైము సంగతి, 2008లో టీఎస్‌హెచ్ సంగతి బయటపెట్టింది. గొర్రెల్లోనూ అదే దారి ఉందని 2008లోనే తేలింది.

ఇక మీ ప్రశ్న. పెద్ద పగళ్లలో హైపోథాలమస్‌లో టీ3 పెరగడం గొర్రెలోనూ హామ్‌స్టర్‌లోనూ ఒకటే. దారి చీలేది ఆ తర్వాతే. హామ్‌స్టర్‌లో ఆ టీ3 ఎదకాలాన్ని తెరుస్తుంది, గొర్రెలో ముగిస్తుంది. థైరాయిడ్ తీసేసిన గొర్రెలు ఎదకాలంలోకి మామూలుగానే వస్తాయి, కానీ బయటికి రావు. వసంతం వచ్చినా ఎద ఆగదు. టీ3 తర్వాతి మెట్టు కిస్‌పెప్టిన్ నాడీకణాలు, వాటి నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే మెదడు హార్మోను, దాన్నుంచి అండాశయాన్ని నడిపే పిట్యూటరీ హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్.

గొర్రెలో ఆఖరి మలుపు ఎంత సూక్ష్మమైనదో చూడండి. అండాశయాలు తీసేసి, చర్మం కింద ఈస్ట్రడయోల్ (అండాశయం స్రవించే హార్మోను) గొట్టం ఒకటి ఏడాది పొడవునా స్థిరమైన మోతాదులో పెట్టారు. శరత్తులో ఎల్‌హెచ్ బాగా ఉంది. వసంతం, వేసవిలో అదే మోతాదు ఈస్ట్రడయోల్ ఎల్‌హెచ్‌ను అణగదొక్కేసింది. హార్మోను మారలేదు, దాని మాటకు మెదడు ఇచ్చే విలువ మారింది. ఎదకాలమంటే చివరికి అదే.

ఫస్టియర్ (గుంటూరు)

అంత టీఎస్‌హెచ్ అక్కడ పుడితే అది రక్తంలోకి జారి థైరాయిడ్‌ను రెచ్చగొట్టదా?

చీకటిగది

శభాష్ తల్లీ. ఈ ప్రశ్నకు 2014లో యోషిమురా బృందమే జవాబిచ్చింది. పార్స్ ట్యూబరాలిస్ టీఎస్‌హెచ్‌కు చక్కెర తొడుగు వేరు. రక్తంలోకి వెళ్లగానే ఇమ్యునోగ్లోబులిన్లు, ఆల్బుమిన్ దాన్ని పట్టుకుని పెద్ద ముద్దగా మార్చేస్తాయి, థైరాయిడ్ దగ్గర అది పనికిరాదు.

కొండదారి (ఎడిన్‌బరో)

ఇంత మంచి చర్చ నడుస్తున్నందుకు సంతోషం. కానీ నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పన్నెండు గంటల రాత్రి రెండుసార్లు వస్తుంది, మెలటోనిన్ రెండుసార్లూ పన్నెండు గంటలే. మరి?

చీకటిగది

మరిచిపోలేదు, దానికోసమే ముందు ఇదంతా చెప్పాను. మిషిగన్‌లో రాబిన్సన్, కార్ష్ దాదాపు మీ ప్రశ్ననే గొర్రెలకు వేశారు. కొన్నింటిని 16 గంటల పగటి నుంచి 13 గంటలకు దించారు. కొన్నింటిని 10 గంటల పగటి నుంచి అదే 13 గంటలకు ఎక్కించారు. దిగినవి ఎదకు సిద్ధమయ్యాయి, ఎక్కినవి ఎదనుంచి తప్పుకున్నాయి. గొర్రెకు ఇవాళ్టి రాత్రి ఒక్కటే చాలదు, ఏ రాత్రుల తర్వాత వచ్చిందన్నది కావాలి.

ఆ జ్ఞాపకం ఎక్కడుంది? స్కాట్లాండ్ పశ్చిమాన సెయింట్ కిల్డా దీవుల నుంచి వచ్చిన సోయే జాతి గొర్రెల మీద పనిచేసినవారు 2015లో ఒక జవాబిచ్చారు. పార్స్ ట్యూబరాలిస్ కణాలు ఒక్కొక్కటీ వేసవి స్థితిలోనో చలికాలపు స్థితిలోనో ఉంటాయి, మధ్యస్థితి లేదు. రోజులు మారేకొద్దీ ఎన్ని కణాలు అటు తిరిగాయన్న నిష్పత్తి మెల్లగా మారుతుంది. వారాల తరబడి పోగైన ఆ నిష్పత్తే వెనకటి కాలపు జ్ఞాపకం.

ఇంకొకటి. ఒకే పగటి పొడవు నెలల తరబడి సాగితే గొర్రె దానికి స్పందించడం మానేస్తుంది. చిన్న పగళ్లలోనే ఎప్పటికీ ఉంచినా ఎద ఎప్పటికీ సాగదు. ఎదకాలం ముగియడంలో పెరిగే పగలుతో పాటు ఈ విసుగుకూ పాత్ర ఉంది. లోపల ఏడాదికో చుట్టు తిరిగే సొంత లయ ఉంది, పగళ్లు దాన్ని సరిదిద్దుతూ ఉంటాయి.

ఆడిలైడ్ అత్త

జ్ఞాపకం అంటే గుర్తొచ్చింది. పుట్టకముందే కాలం తెలిసే జీవులు కూడా ఉన్నాయి. అమెరికా కొండప్రాంతాల వోల్ ఎలుకల్లో పిల్లలన్నింటినీ 14 గంటల పగట్లోనే పెంచినా, గర్భంలో ఉండగా తల్లి చూసిన పగలు ఎక్కువైతే పిల్లలు మెల్లగా ఎదిగాయి, తక్కువైతే త్వరగా ఎదిగాయి. తల్లి మెలటోనిన్ మావి దాటి పిండానికి చేరుతుంది. పగళ్లు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో పిల్ల బయటికి రాకముందే గ్రహిస్తుంది.

మా వైపు కంగారూ దీవిలో తామర్ వాలబీ ఉంది, చిన్న కంగారూలాంటిది. పిల్ల పుట్టిన గంటల్లోనే తల్లి మళ్లీ జతకడుతుంది. కొత్త పిండం ఎనభై, వంద కణాల దగ్గర ఆగిపోతుంది. మొదట పిల్ల పాలు తాగడం వల్ల, జూన్ తర్వాత (మాది దక్షిణార్ధగోళం కదా) పెరిగే పగళ్ల వల్ల. డిసెంబరు 22 దాటి పగలు తగ్గడం మొదలవగానే పిండం కదులుతుంది. జనవరి చివర దీవిలో పిల్లలన్నీ కొద్దిరోజుల తేడాలో పుడతాయి. గొర్రెకు ఎద ఆగుతుంది, దీనికి పిండమే ఆగుతుంది.

శంకాసురుడు

సరే, చలిదేశాల సంగతి ఒప్పుకున్నాను. మన నెల్లూరు గొర్రెకు ఇదంతా దేనికి?

కడప పశువైద్యుడు

పెద్దగా దేనికీ కాదు. మన జాతులు ఏడాదంతా ఎదకు రాగలవు, వానలు, మేత, ఎండ ఎప్పుడు ఎక్కువ తక్కువలో నిర్ణయిస్తాయి. మీ మొదటి మాట ఇక్కడ చెల్లుతుంది. విదేశాల్లో గొర్రె చెవి వెనక 18 మిల్లీగ్రాముల మెలటోనిన్ బిళ్ల పెట్టి ఎదను ముందుకు జరుపుతారు. మన మందలో దానికి డబ్బు పోయడం దండగ. జతకట్టించే ముందు రెండు మూడు వారాలు దాణా పెంచండి. పొట్టేళ్లను కొన్నాళ్లు కంటికి, ముక్కుకు దూరంగా ఉంచి ఒక్కసారిగా కలపండి. ఆ వాసనకే గొర్రెల్లో ఎల్‌హెచ్ లేస్తుంది.

గేదె దగ్గర మాత్రం నేను కాస్త ఆగుతాను. గేదె పగళ్లు తగ్గేటప్పుడు ఎదకు మొగ్గు చూపే జంతువు. ముర్రాలో ఇది ఉత్తరాదిన బాగా కనిపిస్తుంది. వేసవిలో అరుపు లేదు, తీగలా సాగే జిగట లేదు, మూగ ఎద. రైతు గమనించేలోపు గడిచిపోతుంది. అందులో ఎండ వాటా ఎంత, పగటి వాటా ఎంత అని మన జిల్లాల్లో విడదీయడం కష్టం, రెండూ ఒకే నెలల్లో వస్తాయి. ఇటలీలో కంపానియా ప్రాంతపు గేదెల్లో ఇది తేటగా తెలుస్తుంది. అక్కడ గేదెలు సహజంగా శరత్తులో ఈనుతాయి, మొజరెల్లా జున్నుకు గిరాకీ వేసవిలో. అందుకని శరత్తులో దున్నపోతులను మంద నుంచి తప్పించి వసంతంలో కలుపుతారు. ఎద బలంగా ఉండే నెలలను వదులుకుని, బలహీనంగా ఉండే నెలల్లో కట్టించడం. చూడి శాతం తగ్గినా జున్ను ధర ఆ నష్టాన్ని భరిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర అమెజాన్ ప్రాంతానికి తీసుకెళ్లిన గేదెలైతే ఏడాది పొడవునా కడతాయి.

ఫస్టియర్ (గుంటూరు)

మనుషులకు?

చీకటిగది

అమెరికాలో థామస్ వెర్ మనుషులను వారాల తరబడి పద్నాలుగు గంటల చీకటిలో ఉంచితే మెలటోనిన్ గంటలు పెరిగాయి. అంటే వార్త పుడుతోంది. దాన్ని విని మూతపడే అండాశయం మాత్రం మనకు లేదు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే నల్ల ఎలుక జాతి అయితే మెలటోనిన్‌నే సరిగా తయారుచేయలేదు, ఏడాదంతా పిల్లలు పెడుతుంది. ఇన్నాళ్లూ ఈ విషయంలో ఎలుక కంటే గొర్రె, హామ్‌స్టర్ ఎక్కువ పనికొచ్చాయంటే అదీ ఒక కారణం.

కొండదారి (ఎడిన్‌బరో)

నా ప్రశ్నకు జవాబు దొరికింది, కృతజ్ఞతలు. ఇంకొక్కటి. మా కొండ దిగువన రింగు రోడ్డు పక్కన రాత్రంతా దీపాలు వెలుగుతాయి. ఆ అంచున మేసే మందకు తేడా రాదా?

ఆడిలైడ్ అత్త

గొర్రె సంగతి కాదు గానీ వాలబీల మీద దీన్ని నేరుగా చూశారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గార్డెన్ దీవి ఒక కొసన నౌకాదళ స్థావరం, మిగతాదంతా చీకటి పొదలు. 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం స్థావరం దీపాల కింద మేసే తామర్ వాలబీలకు రాత్రి మెలటోనిన్ తక్కువ, పిల్లలు పుట్టేది పొదల్లోవాటి కంటే సుమారు నెల ఆలస్యంగా. దీవి ఒకటే, జాతి ఒకటే.

కడప పశువైద్యుడు

కొండదారి గారూ, ఆ రైతును అడిగి చూడండి. రోడ్డు వైపు మందలో రెండో సుద్ద రంగు ఎక్కువగా పడుతోందా అని. ఆయన దగ్గర లెక్క ఉండే ఉంటుంది.